భుజం ఎముక విరిగిందా? స్లింగ్ సగం వైద్యమే!

ఫోన్‌ని ఎడమచేతిలోకి మార్చుకోండి. కుడిచేతి వేళ్లను గొంతు గుంట దగ్గర పెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా ఎడమ భుజం వైపు జరుపుకుంటూ వెళ్లండి. చర్మం కిందే గట్టిగా, కాస్త వంపు తిరిగి తగులుతోంది కదా, అది కాలర్ బోన్. భుజం చివరిదాకా వెళ్లి వీపు వైపు చెయ్యి వేస్తే తగిలే పలక రెక్క ఎముక. ఇక భుజం కండ లోపల గుండ్రంగా దాక్కుని ఉన్నది దండచెయ్యి ఎముక తల. ఈ మూడూ కలిస్తేనే భుజం. అందుకే ‘ఫలానావాళ్లకి భుజం విరిగిందట’ అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది ‘మూడింట్లో ఏది?’ అని. ఒక్కోదాని కథ వేరు. వైద్యమూ వేరే.

నేను డాక్టర్ని కాదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. గత ఏడాది దీపావళికి ముందు రాజంపేటలో మా అమ్మ బాత్రూములో జారి కుడిపక్కకి పడింది. అమ్మకి 57 ఏళ్లు. దండచెయ్యి ఎముక తలకి కాస్త కింద విరిగింది. ఎక్స్‌రే, సీటీ చూసిన డాక్టర్‌గారు ‘‘ఆపరేషన్ అక్కర్లేదు. స్లింగ్ వేసుకోండి. పది రోజులయ్యాక ఎక్సర్‌సైజులు మొదలుపెడదాం’’ అన్నారు.

ఆ మాటతో మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ‘‘ఎముక విరిగితే కనీసం పిండికట్టు కూడా వేయకుండా గుడ్డ జోలె తగిలించి పంపిస్తారా? పెద్దాసుపత్రికి తీసుకుపోయి ప్లేటు వేయిద్దాం’’ అని అన్నయ్య. ‘‘ప్లేటూ వద్దు, గీటూ వద్దు. పుత్తూరు పోదాం పా’’ అని మామ. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది... ‘‘నాయనా, మళ్లీ నా ముడి నేను వేసుకోగలనా?’’

ఆ ప్రశ్నకి జవాబు కోసం డాక్టర్లనీ, ఫిజియోథెరపిస్టునీ అడిగి, పరిశోధనలు చదివి తెలుసుకున్న విషయాలివి. బైకు నడిపే మీకూ, ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకూ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి.

మూడు ఎముకలు.. మూడు కథలు

కాలర్ బోన్ కుర్రాళ్లకి ఎక్కువగా విరిగే ఎముక. బైకు స్కిడ్ అవడం, కబడ్డీలో భుజం మీద పడటం, సైకిల్ మీంచి ఎగిరిపడటం... నేరుగా భుజం నేలకి తగిలితే ఆ దెబ్బంతా ఈ సన్నటి ఎముక మీదకే వస్తుంది. విరిగేవాటిలో దాదాపు 80 శాతం మధ్య భాగంలోనే విరుగుతాయి. అక్కడే ఎముక సన్నగా ఉంటుంది, పట్టి ఉంచే లిగమెంట్లూ ఉండవు. విరగ్గానే మెడ కండరం లోపలి ముక్కని పైకి లాగుతుంది. చెయ్యి బరువు బయటి ముక్కని కిందికి లాగుతుంది. అందుకే చర్మం కింద బొడిపెలా పొడుచుకొస్తుంది. 2021 సెప్టెంబరులో హీరో సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్‌లో బైకు జారి పడినప్పుడు విరిగింది ఈ ఎముకే. ఆయనకి దానికి ఆపరేషన్ చేశారు.

ఈ ఎముకకి ఇంకో విచిత్రం ఉంది. తల్లి కడుపులో అన్నిటికంటే ముందు గట్టిపడటం మొదలుపెట్టేది ఇదే. దాదాపు అన్నిటికంటే చివర్న, ఇరవైల్లో, పెరుగుదల పూర్తి చేసుకునేదీ ఇదే!

రెండోది రెక్క ఎముక. ఇది చాలా అరుదుగా విరుగుతుంది. మొత్తం ఫ్రాక్చర్లలో 1 శాతం కూడా ఉండదు. చుట్టూ మందపాటి కండలుంటాయి, వెనకాల పక్కటెముకలు దన్నుగా ఉంటాయి. అలాంటిది కూడా విరిగిందంటే దెబ్బ గట్టిగా తగిలిందనే అర్థం. అందుకే ఇది విరిగితే డాక్టర్లు ముందు పక్కటెముకలూ, ఊపిరితిత్తులూ చూస్తారు. ఎముకకి మాత్రం చాలామందిలో స్లింగే సరిపోతుంది.

మూడోది దండచెయ్యి ఎముక పైభాగం. కుర్రాళ్లకి ఇది విరగాలంటే పెద్ద యాక్సిడెంటే జరగాలి. అమ్మానాన్నల వయసులో అలా కాదు. నిలబడిన ఎత్తు నుంచి జారి పడితే చాలు. ఎముకలు గుల్లబారడం వల్ల పెద్దవయసులో విరిగే చేతికాళ్ల ఎముకల్లో తుంటి, మణికట్టు తర్వాత స్థానం దీనిదే. మా అమ్మది ఈ కోవలోదే.

పడిన వెంటనే ఏం చేయాలి?

మన ఊళ్లలో ఎవరైనా పడితే మొదట జరిగేది చెయ్యి పట్టుకుని లాగడం. ‘గూడ జారినట్టుంది, ఓ లాగు లాగితే పడిపోతుంది’ అంటారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి. గూడ జారిందో, ఎముక విరిగిందో, రెండూ జరిగాయో బయట్నుంచి తెలీదు. విరిగిన ఎముకని లాగితే పక్కనే ఉన్న నరం, రక్తనాళం దెబ్బతినొచ్చు. నూనె రాసి మర్దనా చేయడమూ అంతే ప్రమాదం.

చేయాల్సింది సింపుల్. చెయ్యి ఏ స్థితిలో ఉంటే నొప్పి తక్కువగా ఉందో అలాగే ఛాతీకి ఆనించి, తువ్వాలో చున్నీయో మెడకి జోలెలా కట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. దెబ్బ భుజానికే తగిలినా వాపు వేళ్లదాకా దిగుతుంది. తర్వాత ఉంగరం కోయాల్సి వస్తుంది. మా అమ్మ గాజులు ఆస్పత్రిలో సబ్బు రాసి తీశారు. ఇంకో గంట ఆలస్యమైతే పగలగొట్టాల్సిందేనని నర్సమ్మ చెప్పింది.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి:

- ఎముక చర్మాన్ని చీల్చుకు రావడం, లేదా లోపల్నుంచి చర్మాన్ని పొడిచి తెల్లబారేలా చేయడం
- చెయ్యి చల్లగా, పాలిపోయినట్టు అవడం
- వేళ్లు కదపలేకపోవడం, తిమ్మిరెక్కడం, భుజం బయటివైపు చర్మానికి స్పర్శ తెలియకపోవడం
- ఊపిరి పీల్చుకోవడం కష్టమవడం, ఛాతీలో నొప్పి

కాలర్ బోన్ కిందే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళాలూ, నరాల గుత్తీ ఉంటాయి. చాలా అరుదే అయినా, విరిగిన ముక్క వాటిని తగిలితే ప్రాణం మీదకి వస్తుంది. బ్రిటన్ మాజీ ప్రధాని రాబర్ట్ పీల్ 1850లో గుర్రం మీంచి పడి, కాలర్ బోన్ విరిగి, మూడు రోజుల తర్వాత చనిపోయాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రేని కనీసం రెండు కోణాల్లో తీయాలి. ఒక్క ఎదురు ఫొటోలో ఎముక సరిగ్గానే ఉన్నట్టు కనిపించి, పక్క నుంచి చూస్తే గూడ వెనక్కి జారి ఉండొచ్చు. ముక్కలు ఎక్కువుంటే, లేదా ఆపరేషన్ ఆలోచన ఉంటే సీటీ స్కాన్ తీస్తారు.

ఇంకో విషయం ముందే తెలిసుంటే భయం తగ్గుతుంది. ఎముక విరిగిన చోట కారిన రక్తం రోజులు గడిచేకొద్దీ కిందికి జారుతుంది. మూడు నాలుగు రోజులకి మోచెయ్యిదాకా, ఒక్కోసారి రొమ్ము పక్కదాకా నల్లగా, ఊదాగా కమిలిపోతుంది. ‘‘చెయ్యంతా కుళ్లిపోతోందేమో నాయనా’’ అని అమ్మ రాత్రి పన్నెండింటికి లేపింది. అది కుళ్లు కాదు, రంగు మారుతూ రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. వేళ్లు వెచ్చగా ఉండి, కదులుతున్నంతవరకు కంగారు అక్కర్లేదు.

పిండికట్టు ఎందుకు వేయరు?

అన్నయ్య అడిగిన ప్రశ్న చాలామందికి వచ్చేదే. ముంజేయి విరిగితే పిండికట్టు వేస్తారు కదా, భుజానికెందుకు వేయరు?

ఎముకని కదలకుండా ఉంచాలంటే దాని పైకీలునీ, కింది కీలునీ రెండింటినీ బిగించాలి. ముంజేతికైతే మోచెయ్యి, మణికట్టు బిగిస్తే సరిపోతుంది. భుజానికి పైన ఉన్నది ఛాతీ. ఊపిరి తీసే ఛాతీని ఎలా బిగిస్తాం? పైగా భుజం మీద పిండికట్టు బరువు పెడితే లాభం కంటే నష్టమే ఎక్కువ. దానికి బదులు డాక్టర్లు గురుత్వాకర్షణని వాడుకుంటారు. స్లింగ్‌లో చెయ్యి నిటారుగా వేలాడుతుంటే దాని బరువే దండచెయ్యి ఎముకని చాలావరకు తిన్నగా లాగి ఉంచుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఒంట్లో అన్నింటికంటే ఎక్కువగా తిరిగే కీలు భుజమే. పైకీ, పక్కకీ, వెనక్కీ... అన్ని వైపులా తిరుగుతుంది. కాబట్టి ఎముక కొంచెం వంకరగా అతుక్కున్నా మిగతా కదలిక ఆ లోటుని సర్దేస్తుంది. మోకాలికో, మణికట్టుకో ఆ వెసులుబాటు తక్కువ. అందుకే ఎక్స్‌రేలో వంకరగా కనిపించినంత మాత్రాన చెయ్యి వంకర కాదు.

కాలర్ బోన్‌కి ఒకప్పుడు వీపు మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో పట్టీ బిగించేవాళ్లు. ఇప్పటికీ కొన్నిచోట్ల వేస్తున్నారు. మామూలు స్లింగ్‌తో పోల్చి చూసిన అధ్యయనాల్లో అతుక్కోవడంలో తేడా ఏమీ కనిపించలేదు. స్లింగే హాయిగా ఉందని పేషెంట్లు చెప్పారు.

ఇక పుత్తూరు సంగతి. తిరుపతి దగ్గర ఉన్న ఈ ఊరి కట్టు గురించి రాయలసీమలో తెలియని ఇల్లు ఉండదు. తమిళనాడు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ కట్టు... తరతరాలుగా నడుస్తున్న పద్ధతి. బద్దలతో ఎముకలు కట్టడం సుశ్రుత సంహితలోనూ ఉంది, అందులో విరుపుల్ని 12 రకాలుగా చెప్పారు కూడా. మామ నమ్మకానికి వెనక ఇంత చరిత్ర ఉంది, దాన్ని తీసిపారేయలేం. కానీ భుజం దగ్గరికొచ్చేసరికి ఇందాక చెప్పుకున్న చిక్కే ఇక్కడా ఉంది. బద్ద కట్టడానికి భుజానికి పైన చోటు లేదు. గట్టిగా బిగిస్తే రక్తప్రసరణ ఆగే ప్రమాదం. నరం దెబ్బతిందా, గూడ కూడా జారిందా అన్నది కట్టు మీంచి కనపడదు. వారాల తరబడి కట్టు విప్పకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఈ మాటలే డాక్టర్‌గారు ఎక్స్‌రే చూపిస్తూ మామకి ఓపిగ్గా చెప్పారు. మామ ఒప్పుకున్నాడు. ‘‘ఆకు పసరైనా పూద్దాంలే’’ అని మాత్రం చివరిదాకా అంటూనే ఉన్నాడు.

మరి ఆపరేషన్ ఎప్పుడు?

దండచెయ్యి ఎముక పైభాగం విరిగితే సాధారణంగా నాలుగు ముక్కల లెక్కలో చూస్తారు. అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్ 1970లో ఇచ్చిన పద్ధతి ఇది. తల, కాండం, కండరాలు అంటుకునే రెండు బొడిపెలు... ఏ ముక్కైనా 1 సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కంటే ఎక్కువ తిరిగినా ‘పక్కకి జరిగిన విరుపు’ అంటారు. ఎక్కువమందికి అంత జరగదు. వాళ్లకి స్లింగే వైద్యం. అందులో వాదనేమీ లేదు.

అమ్మకి మాత్రం జరిగింది. మరి ఆపరేషన్ ఎందుకు వద్దన్నారు? నేను అడిగితే డాక్టర్‌గారు బ్రిటన్‌లో చేసిన ‘ప్రొఫర్’ అనే అధ్యయనం గురించి చెప్పారు. ఇంటికొచ్చి చదివా. 32 ఆస్పత్రుల్లో, సరిగ్గా ఇలాంటి విరుపు ఉన్న 250 మందిని తీసుకున్నారు. లాటరీ వేసినట్టు సగంమందికి ఆపరేషన్, సగంమందికి స్లింగ్. రెండు గ్రూపులకీ ఫిజియోథెరపీ. రెండేళ్లు వెంటపడి, ‘బట్టలు వేసుకోగలుగుతున్నారా, తల దువ్వుకోగలుగుతున్నారా, రాత్రి నొప్పికి నిద్ర పడుతోందా’ అని అడిగి మార్కులు వేశారు. 48కి ఆపరేషన్ వాళ్లకి సగటున 39, స్లింగ్ వాళ్లకి 38. చెప్పుకోదగ్గ తేడా లేదు. 2015లో ఈ ఫలితం అచ్చయింది. ఐదేళ్ల తర్వాత చూసినా అదే మాట.

దీన్ని చూసి ‘ఆపరేషనే దండగ’ అనుకోవద్దు. ఆ అధ్యయనంలో గూడ కూడా జారినవాళ్లనీ, చర్మం చీలి ఎముక బయటికొచ్చినవాళ్లనీ చేర్చుకోలేదు. అలాంటివాళ్లకి ఆపరేషన్ కావాల్సిందే. ఎముక తల చీలిపోయినా, రక్తనాళం దెబ్బతిన్నా అంతే. కుర్రాళ్ల విషయంలో లెక్క వేరే ఉండొచ్చు. ప్లేటు, స్క్రూలు, ఎముక లోపల రాడ్డు... ఏది సరిపోతుందో సర్జన్ చూస్తారు. పెద్దవాళ్లకి తల నుజ్జయితే కీలు మార్పిడి కూడా చేస్తారు. ఇందులో ఒక తమాషా రకం ఉంది. మామూలుగా బంతి చేతి వైపు, గిన్నె రెక్క ఎముక వైపు ఉంటాయి. ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామోన్ 1985లో దీన్ని తిరగేశాడు. బంతిని రెక్క ఎముకకి బిగించి, గిన్నెని చేతికి పెట్టాడు. లోపలి కండరాలు చెడిపోయినా భుజం మీది పెద్ద కండరంతోనే చెయ్యి పైకి లేస్తుంది.

కాలర్ బోన్ కథ ఇంకోలా ఉంటుంది. ముక్కలు బాగా జరిగిపోతే కట్టుతో కొందరికి ఎముక అసలు అతుక్కోదు. కెనడా సర్జన్లు 2007లో అచ్చేసిన అధ్యయనంలో ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి అతుక్కోలేదు. స్లింగ్‌తో వదిలేసిన 49 మందిలో ఏడుగురికి అతుక్కోలేదు. అంటే ప్లేటుకి లాభం ఉంది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఏడాది తిరిగేసరికి చెయ్యి పనితీరులో తేడా పెద్దగా లేదు. పైగా ప్లేటుకి తన కష్టాలు తనకున్నాయి. ఇన్ఫెక్షన్ రావచ్చు, కోత కింద తిమ్మిరి ఉండిపోవచ్చు, బ్యాగు పట్టీ ఒత్తుకుంటోందని దాన్ని తీయించడానికి మళ్లీ ఆపరేషన్ కావచ్చు. కాబట్టి ముక్కలు ఎంత జరిగాయి, మీ పనేంటి, ఎంత త్వరగా తిరిగి పనిలోకి వెళ్లాలి అన్నవి చూసి డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం ఇది. పక్కింటాయనకి ప్లేటు వేశారు కాబట్టి మనకీ వేయాలన్న రూలు లేదు.

అసలు పని అప్పుడే మొదలవుతుంది

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఆపరేషన్ చేయించుకున్నా, స్లింగ్ వేసుకున్నా భుజానికి ఇంకో శత్రువు ఉంది... బిగుసుకుపోవడం. కదలకుండా ఉంచితే కీలు చుట్టూ ఉన్న సంచిలాంటి పొర ముడుచుకుంటుంది. ఎముక చక్కగా అతుక్కున్నా చెయ్యి పైకి లేవదు. షుగర్ ఉన్నవాళ్లకి ఈ బిగువు మరీ ఎక్కువ. మన దగ్గర చాలామంది రెండు నెలలు స్లింగ్ తీయకుండా ఉండి, ‘ఎముక అతుక్కుంది కానీ చెయ్యి లేవట్లేదు’ అని మళ్లీ వస్తారని ఫిజియోథెరపిస్టు చెప్పారు. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి అది మామూలు నష్టం కాదు.

బ్రిటన్‌లో 2003లో అచ్చయిన ఓ చిన్న అధ్యయనం ఉంది. ఎముక పెద్దగా జరగని 86 మందిలో కొందరికి మొదటి వారంలోనే ఫిజియో మొదలుపెట్టారు. మిగిలినవాళ్లని మూడు వారాలు కదలకుండా ఉంచి తర్వాత మొదలుపెట్టారు. నాలుగు నెలలప్పుడు చూస్తే ముందు కదిలినవాళ్లకే నొప్పి తక్కువ, చెయ్యి పనితీరు మెరుగు. అలాగని పడిన మర్నాడే చెయ్యి ఊపమని కాదు. ఎప్పుడు, ఎంత కదపాలన్నది విరుపు ఎంత నిలకడగా ఉందన్నదాన్ని బట్టి డాక్టర్ చెప్పాలి. మాకు చెప్పిన వరస ఇలా ఉంది:

మొదటి రోజు నుంచే: వేళ్లు ముడవడం-చాపడం, మణికట్టు తిప్పడం, స్లింగ్ విప్పి మోచెయ్యి వంచడం-చాపడం. మెత్తటి బంతి నొక్కడం. భుజం జోలికి పోకూడదు.

పది రోజుల తర్వాత: లోలకం ఎక్సర్‌సైజు. ఎడమచేత్తో టేబుల్ పట్టుకుని ముందుకు వంగి, దెబ్బ తగిలిన చేతిని గడియారం లోలకంలా వేలాడదీయాలి. భుజం కండతో కాదు, ఒళ్లు ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి.

మూడు నాలుగు వారాల నుంచి: రెండు చేతులతో కర్ర పట్టుకుని మంచి చెయ్యి సాయంతో రెండోదాన్ని పైకి లేపడం. తలుపు పైన కప్పీకి తాడు వేసి లాగడం. గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి ‘ఎక్కడం’.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీసి, అతుకు కనిపిస్తే: సొంతంగా లేపడం. ఆ తర్వాతే, మెల్లగా, రబ్బరు బ్యాండుతో బలం పెంచడం. మూడు నెలల వరకూ బరువులు బంద్.

ఈ లోలకం ఎక్సర్‌సైజుని ప్రపంచానికి పరిచయం చేసింది బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్. భుజం గురించి 1934లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ పేరున్నదే. ఆయనకి ఇంకో పట్టుదల ఉండేది. ప్రతి పేషెంటుకీ ఏడాది తర్వాత ఎలా ఉందో కనుక్కుని రాసిపెట్టాలి, తప్పులుంటే బయటపెట్టాలి అనేవాడు. ఆ గొడవలో పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వదిలి, సొంత ఆస్పత్రి పెట్టుకున్నాడు. రోజూ లాగ్స్ చూసుకుని బతికే నాకు ఈ మనిషి భలే నచ్చాడు.

మేమూ అదే చేశాం. వరండా గోడ మీద, గోడ ఎక్కే ఎక్సర్‌సైజులో అమ్మ వేళ్లు ఆగిన చోట ప్రతి ఆదివారం పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేశాం. నొప్పిలో ఉన్న మనిషికి ‘నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు’ అనే అనిపిస్తుంది. అమ్మ రెండుసార్లు ఏడ్చింది, ‘‘నావల్ల కాదురా’’ అని ఓ రోజు కర్ర పక్కన పడేసింది కూడా. గోడ మీద నాలుగు వారాల గీతలు వరసగా చూశాక మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత గీత గీయడం నేను మర్చిపోయినా తను గుర్తుచేసేది. మూడో నెలలో చేయి నుదుటిదాకా వచ్చింది. ఆరో నెలలో తన ముడి తనే వేసుకుంది. అటక మీద డబ్బా అందుకోవడం మాత్రం ఇప్పటికీ ఎడమచేత్తోనే. అంతవరకు రావచ్చు, కొంచెం తక్కువే ఉండిపోవచ్చు అని డాక్టర్‌గారు ముందే చెప్పారు.

ఇంట్లో పనికొచ్చే చిట్కాలు

- రాత్రిళ్లు వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు దిండ్లు పేర్చి వాలుగా, సగం కూర్చున్నట్టు పడుకోవాలి. మోచెయ్యి కింద చిన్న దిండు పెట్టాలి.
- ముందు గుండీలున్న చొక్కా, నైటీ వాడాలి. వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు దూర్చాలి. విప్పేటప్పుడు దాన్ని ఆఖర్న తీయాలి.
- స్నానం అప్పుడు ముందుకు వంగి చెయ్యి వేలాడదీస్తే చంకలోకి గాలి, నీళ్లు వెళ్తాయి. బాగా తుడిచి ఆరనివ్వాలి. లేకపోతే అక్కడ ఒరుసుకుపోతుంది.
- ఎక్సర్‌సైజుకి అరగంట ముందు డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకోవచ్చేమో అడగండి. నొప్పికి భయపడి మానేయడం కంటే అది నయం.
- స్లింగ్‌తో బండి నడపొద్దు.

కుర్రాళ్లకి ఒక మాట

ప్లేటు వేశారు కాబట్టి ఎముక అతుక్కున్నట్టే అనుకోకండి. ప్లేటు ముక్కల్ని పట్టి ఉంచుతుందంతే. అతుక్కునే పని ఎముకే చేసుకోవాలి. ముందు రక్తం గడ్డకట్టి, రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు పడి, ఆరు నుంచి పన్నెండు వారాల్లో గట్టిపడుతుంది. పూర్వపు ఆకారం రావడానికి నెలలు, ఏళ్లు పడుతుంది.

మోటోజీపీ చూసేవాళ్లకి మార్క్ మార్కెజ్ గుర్తుండే ఉంటాడు. 2020 జులై 19న స్పెయిన్ రేసులో పడి కుడి దండచెయ్యి ఎముక విరగ్గొట్టుకున్నాడు. రెండు రోజుల్లో ప్లేటు వేశారు. అదే వారాంతంలో మళ్లీ బైకెక్కాడు! ఆగస్టు మొదట్లో, ఇంట్లో ఉండగానే, ఆ ప్లేటు దెబ్బతిని రెండో ఆపరేషన్ అయింది. డిసెంబరులో మూడోది. 2022లో నాలుగోది. 2020 సీజన్ మొత్తం పోయింది. మళ్లీ ప్రపంచ చాంపియన్ కావడానికి 2025 దాకా పట్టింది. ప్రపంచంలోనే గొప్ప డాక్టర్లు, ఫిజియోలు వెంట ఉన్న మనిషికే ఎముక టైమ్ తగ్గించడం కుదరలేదు.

సిగరెట్ అలవాటుంటే కనీసం ఈ మూడు నెలలు మానేయండి. పొగ తాగేవాళ్లలో ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది, కొందరికి అసలు అతుక్కోదు.

ఇంకోసారి విరగకుండా

50 దాటిన మనిషి నిలబడిన చోట జారి పడి ఎముక విరిగిందంటే దాన్ని ‘పాపం, జారింది’ అని వదిలేయకూడదు. ప్రపంచవ్యాప్తంగా 50 దాటిన ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరికి, ప్రతి అయిదుగురు మగవాళ్లలో ఒకరికి గుల్లబారిన ఎముకల వల్ల ఏదో ఒక ఫ్రాక్చర్ అవుతుందని అంచనా. ఒకసారి విరిగినవాళ్లకి మళ్లీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఈసారి అది తుంటి కావచ్చు. డెక్సా స్కాన్, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించి, అవసరమైతే ఎముకల మందులు మొదలుపెట్టాలి. అమ్మకి డెక్సాలో ఎముకలు పల్చబడినట్టు తేలింది. భుజం విరక్కపోతే ఆ సంగతి మాకు తెలిసేదే కాదు. బాత్రూములో గోడకి స్టీలు పట్టీలు బిగించాం, తడిస్తే జారే టైల్స్ మీద గరుకు మ్యాట్ వేశాం. అన్నీ కలిపినా ఒక్క రోజు ఆస్పత్రి బిల్లంత కాలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం కంగారులో ఏం అడగాలో తోచదు. ఈ ఆరు ప్రశ్నలు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

1. మూడు ఎముకల్లో ఏది విరిగింది? ఎన్ని ముక్కలు, ఎంత జరిగాయి?
2. నరం, రక్తనాళం బాగున్నాయా? గూడ జారిందా?
3. ఆపరేషన్ చేస్తే ఏడాది తర్వాత ఎలా ఉంటుంది? చేయకపోతే ఎలా ఉంటుంది?
4. భుజాన్ని ఏ రోజు నుంచి, ఎంతవరకు కదపొచ్చు?
5. మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు? ముక్కలు ఇంకా జరిగితే ఏం చేస్తారు?
6. ఎముకల బలం పరీక్ష అవసరమా?

నాలుగో ప్రశ్న దగ్గర జవాబు ‘చూద్దాంలే’ అని వస్తే అక్కడే ఆగి, తేదీ చీటీ మీద రాయించుకునే లేవండి. ఫిజియోథెరపిస్టు అపాయింట్‌మెంటు కూడా అదే రోజు తీసుకోండి.